తుపాకి బండిలో ఉండగా దారిలో ఆగితే

ఇంగ్లండ్‌లో ఉంటూ తుపాకి కాల్చడం నేర్చుకుంటున్న మన తెలుగు మిత్రులందరికీ నమస్కారం.

షూటింగ్ మైదానంలో ఎలా మసలుకోవాలో మీకు ఇప్పటికే ఎవరో ఒకరు నేర్పి ఉంటారు. తుపాకిని మధ్యకు మడిచి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని పక్కవారికి కనిపించేలా పట్టుకోవడం మొదటి రోజే అలవాటవుతుంది. ఇంట్లో ఇనుప బీరువా ఎక్కడ ఉండాలో, గోడకు ఎలా బిగించాలో పోలీసు శాఖ నుంచి వచ్చిన అధికారి చూసి, చెప్పి వెళ్తారు. అటు మైదానానికి, ఇటు బీరువాకు నడుమ ఉండే గంట రెండు గంటల ప్రయాణం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆకలి వేసి పబ్ దగ్గర ఆగేదీ, పెట్రోలు పోయించుకునేదీ, దారిలోనే ఇల్లు ఉన్న స్నేహితుడు భోజనానికి పిలిస్తే కాదనలేక వెళ్ళేదీ ఆ గంటల్లోనే. ఇన్నేళ్ళలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం, నావి కూడా కలుపుకొని, అక్కడే జరిగాయి కాబట్టి ఈ రోజు ఆ సంగతే మాట్లాడతాను.

నేను చెప్పే చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించినది. స్కాట్లాండ్‌లోనూ మూలం 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టమే గాని కొన్ని తేడాలున్నాయి. ఉత్తర ఐర్లాండ్‌ది వేరే చట్టం. మీలో చాలామంది గాలిలోకి ఎగరేసే మట్టి బిళ్ళల మీద కాల్చడం కోసం షాట్‌గన్ సర్టిఫికెట్, అంటే షాట్‌గన్ ఉంచుకోవడానికి పోలీసులు ఇచ్చే అనుమతి పత్రం, తీసుకున్నవారు, లేదా తీసుకోబోతున్నవారు. పేరుకు మట్టి బిళ్ళలే గాని వాటిలో మట్టి ఉండదు, సున్నపురాయి పొడిని తారు వంటి పదార్థంతో కలిపి పోత పోస్తారు. ఇద్దరో ముగ్గురో చలికాలంలో నెమలిజాతి పక్షి అయిన ఫెజెంట్ వేటకు కూడా వెళ్తున్నారని విన్నాను. దాని కాలం అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు. అంటే సాయంత్రం నాలుగింటికే చీకటి పడే రోజుల్లో, తడిసి, అలసిపోయి, వేడివేడిగా ఏదైనా తాగాలనిపించే స్థితిలో మీరు తుపాకితో దారిన పడతారు. తొందరపాటు నిర్ణయాలకు అంతకన్నా అనువైన సమయం ఉండదు.

మీ సర్టిఫికెట్ మీద అచ్చయిన షరతులను ఇంటికి వెళ్ళాక మరోసారి చదవండి. తుపాకి ఇంట్లో ఉన్నప్పుడు, అనుమతి లేనివారి చేతికి అందకుండా భద్రంగా దాచాలని ఒక షరతు చెబుతుంది. వాడుకలో ఉన్నప్పుడు, లేదా వాడే చోటికి తీసుకువెళ్తూ తీసుకువస్తూ ఉన్నప్పుడు, దాని భద్రతకు సహేతుకమైన జాగ్రత్తలు తీసుకోవాలని మరొకటి చెబుతుంది. ఈ 'సహేతుకమైన' అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఫలానా తాళం, ఫలానా పెట్టె, ఫలానా దూరం అని చట్టం పట్టిక ఇవ్వలేదు. బ్రిటన్ హోం శాఖ అయిన హోం ఆఫీసు మార్గదర్శకాలు కొంత వివరిస్తాయి గాని, మీ బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎవరికి కనిపించేలా ఆగింది అన్నది చూసి, దొంగతనం జరిగిన తరువాత, మీ జాగ్రత్త సహేతుకమా కాదా అని తేల్చేది ఇంకొకరు. కాబట్టి ఆగే ముందు, "రేపు పోలీసు అధికారి అడిగితే దీనికి నేను ఏమి జవాబు చెబుతాను?" అని మీరే ఒకసారి అడిగి చూసుకోవాలి.

ఇక్కడ మన కథ ఒకటి గుర్తుకు తెచ్చుకోవడం నాకు ఇష్టం. అజ్ఞాతవాసానికి విరటుడి నగరంలోకి అడుగు పెట్టే ముందు పాండవులు చేసిన మొదటి పని ఆయుధాలను దాచడం. గాండీవం భుజాన వేసుకుని వీధిలోకి వెళ్తే ఎవరో ఒకరు గుర్తుపడతారనీ, జనం బెదురుతారనీ వారికి తెలుసు. ఆయుధాలన్నీ కట్టకట్టి శ్మశానం పక్కన జమ్మిచెట్టు మీద పెట్టి, దగ్గరికి ఎవరూ రాకుండా ఒక శవాన్ని కూడా అక్కడే వేలాడదీశారు. ఊరివారి కంటికి ఆయుధం కనపడకూడదన్న మర్యాదకు ఇంతకన్నా పాత ఉదాహరణ నాకు తెలియదు. అయితే బ్రిటన్ పోలీసుల లెక్కలో ధర్మరాజు సగం మార్కులకే పాస్ అవుతాడు. ఏడాది పాటు ఎవరి కాపలా లేకుండా చెట్టు మీద వదిలేయడం సహేతుకమైన జాగ్రత్త కిందికి రాదు మరి. మనం చేయవలసిన పని ఆయన చేసినదాని కన్నా కొంచెం కష్టమైనది. తుపాకి ఇతరుల కంటికి కనపడకూడదు, మన అదుపు మాత్రం దాటకూడదు. ఈ రెండూ ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

పబ్ దగ్గర ఆగినప్పుడే ఆ అడ్డం బాగా తెలుస్తుంది. తుపాకిని బండిలో వదిలితే దొంగ భయం. లోపలికి తెస్తే జనానికి భయం. ఇందులో ఏది తప్పు అని కొత్తవారు నన్ను తరచు అడుగుతారు. గ్రామీణ ప్రాంతంలో, వేటగాళ్ళు తరతరాలుగా వచ్చిపోయే పబ్బుల్లో, గుడ్డ తొడుగులో ఉన్న తుపాకిని యజమాని అనుమతితో లోపల ఒక మూల పెట్టుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానిని చూసి నగర శివార్లలోని పబ్బులోకి కూడా అలాగే నడిచి వెళ్ళవచ్చు అనుకుంటే పొరపాటు. తొడుగు ఆకారం చూస్తేనే లోపల ఏముందో ఎవరికైనా తెలిసిపోతుంది. ఈ దేశంలో ఆ ఆకారం చూసి జనం ఉలిక్కిపడటానికి కారణాలున్నాయి. 1987 ఆగస్టు 19న హంగర్‌ఫర్డ్ పట్టణంలో ఒకడు 16 మందిని కాల్చి చంపాడు. 1996 మార్చి 13న డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పసిపిల్లలు, వారి ఉపాధ్యాయురాలు బలయ్యారు. 2021 ఆగస్టులో ప్లిమత్‌లోని కీహామ్‌లో ఐదుగురిని చంపినవాడి చేతిలో ఉన్నది సర్టిఫికెట్ ఉన్న షాట్‌గన్. మన బీరువా షరతులు, మన సర్టిఫికెట్ మీద ప్రతి తుపాకి వివరమూ రాయాలన్న నియమమూ హంగర్‌ఫర్డ్ తరువాత వచ్చిన 1988 చట్టంతో మొదలైనవే. పక్క బల్ల దగ్గర బిడ్డతో కూర్చున్న తల్లికి మీ సర్టిఫికెట్ కనిపించదు, మీ తొడుగే కనిపిస్తుంది. మన రంగు మనుషులు తొడుగుతో పబ్బులోకి వస్తే ఫోను ఇంకాస్త తొందరగా పోలీసులకు వెళ్తుందని నా అనుభవం. దానికి నొచ్చుకోవచ్చు గాని, లెక్కలోకి తీసుకోకుండా ఉండలేం.

కాబట్టి నా వరుస ఇది. అన్నిటికన్నా మంచిది, ఆగకపోవడం. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర వెంట ఉంటే సగం సమస్యలు పుట్టవు. మైదానంలోనే తినేసి బయలుదేరడం దాని తరువాతి మంచి పని. అయినా ఆగవలసి వస్తే, నలుగురు కలిసి వెళ్ళినప్పుడు వంతులవారీగా ఒకరు బండి దగ్గర ఉండటం మేలు. ఆ ఒకరికి కూడా షాట్‌గన్ సర్టిఫికెట్ ఉండాలన్నది మరవకండి, ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ఒంటరిగా ఉంటే, బండి కనిపించే కిటికీ పక్క బల్ల దొరికితేనే లోపలికి వెళ్ళండి. డిక్కీ తలుపు గోడకు ఆనుకునేలా వెనక్కి పెట్టి నిలపండి, అప్పుడు బండిని కదపకుండా డిక్కీ తెరవలేరు. డిక్కీ వేరుగా లేని హ్యాచ్‌బ్యాక్ అయితే, పెట్టెలో పెట్టిన తుపాకిని ఉక్కు తీగతో బండి లోపలి గట్టి కొక్కేనికి బిగించి, పైన కప్పు వేయండి. పిల్లల సీటు తగిలించే కొక్కెం ఇందుకు బాగా పనికి వస్తుంది. తూటాల సంచి వేరే చోట ఉండాలి. షాట్‌గన్ తూటాలకు బీరువా తప్పనిసరి అని చట్టం అనదు గాని, తుపాకీ తూటాలూ ఒకే సంచిలో దొరికితే దొంగకు మనమే సర్దిపెట్టి ఇచ్చినట్టవుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన చిన్న పని. మీరు వాడే మడత తుపాకి మూడు ముక్కలుగా విడిపోతుంది. వెనుక చెక్కతో కూడిన భాగం, గొట్టాలు, గొట్టాల కింద మీరు ఎడమ చేత్తో పట్టుకునే ఫోర్‌ఎండ్ అనే చెక్క ముక్క. బండి వదిలి వెళ్ళేటప్పుడు ఆ ఫోర్‌ఎండ్‌ను తీసి జేబులో వేసుకోండి. అది లేకపోతే తుపాకి సరిగా బిగియదు, దొంగ చేతిలో పడినా వెంటనే పనికి రాదు. రైఫిల్ ఉన్నవారు బోల్టును, అంటే గొట్టం వెనుక తూటాను బిగించి పేల్చే భాగాన్ని, తీసి దగ్గర పెట్టుకోవాలి. హోం ఆఫీసు మార్గదర్శకాలూ ఇదే సూచిస్తాయి. నాకు ఈ అలవాటు నేర్పిన పెద్దాయన కోటుకు లోపలి వైపున ప్రత్యేకంగా లోతైన జేబు కుట్టించుకున్నాడు. తినేటప్పుడు ఆ ముక్కను బల్ల మీద పెట్టకూడదనీ, జేబులోంచి తీసి తడుముకుంటూ కూర్చోకూడదనీ ఆయన అనేవాడు. నేను ఆ రెండూ చేశాను. కొత్తలో ఒకసారి పబ్బులో చెయ్యి ఊరుకోక ఫోర్‌ఎండ్‌ను బల్ల మీద పెట్టి, బిల్లు కట్టి, దాన్ని అక్కడే మరిచి బయటికి వచ్చేశాను. వెనక్కి పరిగెత్తేసరికి అక్కడి అమ్మాయి దాన్ని ఏదో సంగీత వాయిద్యపు ముక్క అనుకుని కౌంటరు మీద అందరికీ కనిపించేలా పెట్టింది. ఆమె అలా అనుకోవడం నా అదృష్టం.

బల్ల దగ్గర మర్యాద గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బురద బూట్లు బండిలోనే మార్చుకోండి. తూటాల పటకా, చెవుల మఫ్‌లు లోపలికి తీసుకురాకండి. తూటాల్లోని సీసం చేతులకు అంటుతుంది కాబట్టి తినే ముందు సబ్బుతో కడుక్కోండి, మనం చేత్తో తినేవాళ్ళం గనుక ఇది మరీ ముఖ్యం. ఈ రోజు ఎన్ని కొట్టామో, ఎవరి తుపాకి ఎంత ఖరీదో గట్టిగా చెప్పుకోకండి. బార్ దగ్గర నిలబడి వినేవాడు మీ వెంటే బయటికి వచ్చి మీ బండి నంబరు చూసుకోవచ్చు. ఇదే కారణంగా షూటింగ్ సంఘాల స్టిక్కర్లు బండి అద్దానికి అతికించుకోవడం నాకు నచ్చదు. ఆ మాట అన్నందుకు నా మిత్రులు కొందరు ఇప్పటికీ నా మీద అలుగుతారు.

మద్యం సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో బండి నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు దాటకూడదు. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి అది 50. తుపాకి బండిలో ఉన్నప్పుడు నా లెక్క సున్నా. తాగి బండి నడిపిన కేసు ఒక్కటి పడితే మీ సర్టిఫికెట్ గురించి కూడా పోలీసులు మళ్ళీ ఆలోచిస్తారు. 1872 నాటి లైసెన్సింగ్ చట్టంలోని 12వ సెక్షన్ ఇప్పటికీ అమలులో ఉంది. బహిరంగ స్థలంలో మత్తులో ఉండి గుర్రాన్నో, పశువులనో, ఆవిరి యంత్రాన్నో నడిపేవాడినీ, తూటాలు నింపిన తుపాకి పట్టుకున్నవాడినీ అది ఒకే వాక్యంలో కట్టేస్తుంది. ఆవిరి యంత్రాలు పోయాయి, వాక్యం మిగిలింది. దీనితో పాటు 1968 చట్టంలోని 19వ సెక్షన్‌ను కూడా తెలుసుకోండి. నింపిన షాట్‌గన్ బహిరంగ స్థలంలో మీ దగ్గర ఉంటే, అందుకు న్యాయమైన కారణం ఉందని నిరూపించుకోవలసిన భారం మీది. రైఫిల్ అయితే నింపనక్కరలేదు, దానికి సరిపోయే తూటాలు దగ్గర ఉంటే చాలు. షూటింగ్ నుంచి నేరుగా ఇంటికి వెళ్తున్నామనడం చక్కటి కారణం. షూటింగ్ ముగిసి ఐదు గంటలు గడిచాక మూడో చోట ఆగిన తరువాత అదే మాట చెబితే, వినేవాడికి అంత చక్కగా ఉండదు. సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి. పోలీసు అడిగినప్పుడు చూపలేకపోతే తుపాకిని స్వాధీనం చేసుకునే అధికారం అతనికి 48వ సెక్షన్ ఇస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వస్తాను. దీనిమీదే నాకు ఎక్కువ బెంగ, ఎందుకంటే ఇక్కడ మన మంచి అలవాట్లే మనకు అడ్డం వస్తాయి. షూటింగ్ నుంచి వస్తూ ఉంటే దారిలో ఉన్న స్నేహితుడు ఫోను చేసి, "అన్నయ్యా, వదిన కూడా ఉన్నారుగా, భోజనం చేసి వెళ్ళండి" అంటాడు. కాదంటే ఆ ఇంటి ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. వెళ్తే, "అంకుల్, గన్ చూపించరా" అంటూ పిల్లలు చుట్టూ మూగుతారు. ఈ పిలుపు వచ్చినప్పుడు మొదటి మర్యాద, బండిలో తుపాకి ఉందని ఫోనులోనే చెప్పేయడం. ఆ ఇంటి వాకిట్లో తుపాకి ఉండటం ఇష్టమో కాదో చెప్పే హక్కు ఆ ఇంటివారిది. వారు కొంచెం తటపటాయించినట్టు అనిపించినా, "ముందు ఇంటికి వెళ్ళి ఇది బీరువాలో పెట్టి వస్తాం, మీరు మొదలుపెట్టండి" అనండి. అరగంట ఆలస్యమైనందుకు మన దగ్గర ఎవరూ విస్తరి తీసేయరు. వెళ్ళిన తరువాత మాత్రం ఎవరు ఎంత అడిగినా తుపాకిని బయటికి తీయకండి. పిల్లవాడికి నిజంగా ఆసక్తి ఉంటే వాళ్ళ నాన్నతో కలిపి మైదానానికి తీసుకువెళ్ళండి. పోలీసు అధిపతి ఆమోదించిన మట్టి బిళ్ళల మైదానాల్లో సర్టిఫికెట్ లేనివారు కూడా అక్కడి షాట్‌గన్‌తో కాల్చవచ్చు, చట్టమే ఆ దారి తెరిచి ఉంచింది.

ఆ స్నేహితుడికి కూడా షాట్‌గన్ సర్టిఫికెట్ ఉండి, ఇంట్లో సరైన బీరువా ఉంటే పని సులువు. సర్టిఫికెట్ ఉన్న మరొకరి దగ్గర 72 గంటల వరకు షాట్‌గన్‌ను కాగితాల మార్పిడి లేకుండా ఉంచవచ్చు. ఈ వెసులుబాటు షాట్‌గన్‌కే గాని రైఫిల్‌కు లేదు.

తాళాల విషయం ఇంకా సున్నితమైనది. మన ఇళ్ళలో తాళాలకు దాపరికం ఉండదు. బండి తాళం గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంది, బీరువా తాళం దేవుడి గూట్లో ఉంటుంది. తుపాకి విషయంలో ఈ పద్ధతి చెల్లదు. మీ భార్యకు గాని, భర్తకు గాని సర్టిఫికెట్ లేకపోతే, చట్టం దృష్టిలో వారు అనుమతి లేనివారే. తుపాకి బీరువా తాళం ఎక్కడుందో వారికి కూడా తెలియకూడదు. మా ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు, "నలభై ఏళ్ళ కాపురం తరువాత నా దగ్గర తాళం దాస్తారా" అని మా ఆవిడ నవ్వింది, ఆ నవ్వులో కొంచెం కోపం కూడా ఉంది. దారిలో దీని అర్థం ఏమిటంటే, డిక్కీలో తుపాకి ఉండగా బండిని, తాళాన్ని సర్టిఫికెట్ లేని మనిషికి అప్పగించి మీరు సరుకుల కొట్టులోకి వెళ్ళిపోకూడదు. మీ భార్య బండి నడుపుతుంటే మీరు పక్కన కూర్చుని ఉంటే ఇబ్బంది లేదు, తుపాకి మీ అధీనంలోనే ఉన్నట్టు. మిమ్మల్ని స్టేషను దగ్గర దింపి ఆమె ఒక్కతే తుపాకితో ఇంటికి వెళ్తే మాత్రం, ఏ పాపమూ ఎరగని ఆమెను మీరే నేరంలోకి దింపినవారవుతారు.

దూర ప్రాంతానికి వెళ్ళి హోటల్లో రాత్రి ఉండవలసి వస్తే, తుపాకిని రాత్రంతా బండిలో వదలకండి. గది తీసుకునేటప్పుడే ఫోను చేసి అడగండి. వేట ప్రాంతాల్లోని కొన్ని హోటళ్ళలో తుపాకుల కోసం తాళం వేసే గది ఉంటుంది. లేకపోతే చూడగానే తెలిసిపోయే తొడుగులో కాకుండా, ముక్కలుగా విడదీసి మామూలు పెట్టెలో గదికి తీసుకువెళ్ళి, ఉక్కు తీగతో కదలని వస్తువుకు బిగించి, భోజనానికి దిగేటప్పుడు ఫోర్‌ఎండ్ జేబులో వేసుకోండి. గది శుభ్రం చేసేవారు లోపలికి రాకుండా తలుపుకు పలక తగిలించడం మరవకండి. ఇంత చేసినా పోతే వెంటనే పోలీసులకు ఫోను చేయండి. రాతపూర్వకంగా తెలపడానికి 7 రోజుల గడువు ఉంది గదా అని ఆగేవాడిని నేను ఇంతవరకు చూడలేదు, చూడకూడదనీ కోరుకుంటాను.

మన వాళ్ళకు మాత్రమే ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. షూటింగ్‌కు వేసుకున్న కోటు, వాడిన సంచి ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో, సంచి అరలో ఒక్క తూటా మిగిలిపోతుంది, మనకు గుర్తుండదు. ఇక్కడ తూటా మాత్రం దగ్గర ఉంచుకోవడానికి షాట్‌గన్ సర్టిఫికెట్ అక్కరలేదు, కొనడానికే చూపాలి. అందువల్ల దాని బరువు మనకు తెలియదు. మన దేశంలో 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా కేసే. శంషాబాద్ విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర ముందు నిలబడి, అది ఫలానా యార్క్‌షైర్ మైదానంలో మిగిలినదని చెప్పుకోవలసిన అవసరం మీలో ఎవరికీ రాకూడదు. షూటింగ్ కోటుకు వేరే కొక్కెం కేటాయించి, ఇంటికి రాగానే అన్ని జేబులూ తిరగేయండి.

ఇంటికి చేరాక సామాను దించే వరుస కూడా ఒకటుంది. పిల్లలు వెనుక సీట్లో నిద్రపోతూ ఉంటారు, స్నేహితుల ఇంటి నుంచి కట్టి ఇచ్చిన బిరియాని చల్లారిపోతూ ఉంటుంది, వర్షం పడుతూ ఉంటుంది. ఇంట్లో ఇంకొక పెద్దవారు ఉంటే పిల్లలను వారు దించుతారు. మీరు మాత్రం ముందు తుపాకిని లోపలికి తీసుకువెళ్ళి, తడి ఉంటే గుడ్డతో తుడిచి, గొట్టాల్లోకి మరోసారి కన్ను పెట్టి చూసి, జేబులోని ఫోర్‌ఎండ్‌ను కూడా కలిపి బీరువాలో పెట్టి తాళం వేయండి. బిరియాని ఆ తరువాత దించవచ్చు.

మీ ప్రశ్నలేమైనా ఉంటే ఇప్పుడు అడగండి.